చుక్క రాలినా చెప్పని పడవ

విశాఖపట్నం వెళ్ళొచ్చిన వాళ్ళు సముద్రం గురించి, కొండల గురించి చెబుతారు. వాళ్ళు చెప్పేవన్నీ అక్కడున్నాయి, నేను కాదనను. మేం వెళ్ళింది మాత్రం వాటి కోసం కాదు. మా ఆవిడ వనజకు చూపు పూర్తిగా పోయేలోపల ఒక ఉల్కను చూపించడానికి వెళ్ళాం. ఆ పని కాలేదు. అది ముందే చెప్పేస్తున్నాను, చివరిదాకా చదివి నన్ను తిట్టుకోకుండా.

వనజకు గ్లాకోమా. ఎడమకన్ను పోయి రెండేళ్ళయింది. కుడికన్నులో చూపు అంచుల నుంచి మూసుకుంటూ వచ్చి, నడిమి కాస్త మిగిలింది. గొట్టంలోంచి చూస్తున్నట్టు ఉంటుందట. ఎదురుగా ఉన్న అన్నం కనిపిస్తుంది, కంచం పక్కన పెట్టిన నీళ్ళ గ్లాసు కనిపించదు. ఆ మిగిలింది కూడా ఎక్కువ కాలం ఉండదని కర్నూలు డాక్టరు చెప్పాడు. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన వనజ వైపు చూడలేదు, చేతి గడియారం వైపు చూశాడు. నాకు ఆ గడియారం పట్టీ రంగు కూడా గుర్తుంది.

చిన్నప్పుడు బనగానపల్లె దగ్గర వాళ్ళ పల్లెలో మిద్దె మీద పడుకుని వనజ ఒక ఉల్కను చూసింది. ఆకాశం ఈ కొస నుంచి ఆ కొసకు ఆకుపచ్చగా చీలిందట. వెలుగు ఆరిపోయాక కూడా దాని గీత అక్కడే నిలబడిందట. ఆమె చూస్తుండగానే ఆ గీత మధ్యలో వంగి మెలి తిరిగిందట. పక్కవాళ్ళను లేపేసరికి ఏమీ లేదు. అప్పటి నుంచి ఆ సంగతి ఎవరికి చెప్పినా నవ్వే. మా పెళ్ళయిన కొత్తలో ఒక విందులో మా వదిన పంక్తిలో అందరికీ వినిపించేలా, "రాలిపోయిన చుక్క తోక ఆకాశంలోనే ఉండిపోయిందంట! అది వంగింది కూడానంట!" అంది. వనజ విస్తరి ముందు నుంచి లేచిపోయింది. వదిన ఆ రోజును మరిచిపోయింది. నేను మరిచిపోలేదు.

బస్సు డిపోలో గుమాస్తా పని మానేశాక నాకు చదవడానికి తీరిక దొరికింది. వనజ చెప్పింది నిజమేనని ఫోనులో చదివి తెలుసుకున్నాను. ఉల్క అంటే చాలాసార్లు గులకరాయి అంత కూడా ఉండదు. అది మన గాలిలోకి దూసుకొచ్చే వేగానికి కాగి, కరిగి, అందులో ఉన్న ఇనుము, సోడియం, మెగ్నీషియం అణువు అణువుగా ఆవిరైపోతాయి. ఇదంతా మబ్బుల కంటే ఎంతో పైన, ఎనభై తొంభై కిలోమీటర్ల ఎత్తులో జరుగుతుంది. రాయి పోతుంది, లోహం మిగులుతుంది. పెద్ద ఉల్క అయితే దాని దారిలో మిగిలిన ఆ లోహం అక్కడి గాలితో కలిసి కాసేపు మసకగా వెలుగుతుంది. అక్కడ ఒక్కో ఎత్తులో గాలి ఒక్కో వైపు వీస్తుంది కాబట్టి ఆ గీత వంగుతుంది, మెలి తిరుగుతుంది. ఇదంతా అచ్చు తీయించి వదినకు ఇచ్చాను. తర్వాతి వారం ఆమె అవే కాగితాల్లో మురుకులు చుట్టి పంపింది.

"కన్నుండగానే ఇంకొక్కసారి చూడాల. ఈసారి నువ్వు పక్కనుండాల," అంది వనజ.

ఏటా డిసెంబరు మధ్యలో ఉల్కలు ఎక్కువగా రాలతాయి. ఆమె గొట్టం చూపులో రాలే ఉల్క పడటం కష్టం, రెప్పపాటులో పోతుంది. కానీ గీత నిలబడితే ఆమె ముఖాన్ని అటు తిప్పగలనని నా లెక్క. విశాఖలో పెద్ద కంటి ఆసుపత్రిలో చూపించుకునే తేదీ కూడా ఆ వారంలోనే దొరికింది. సముద్రం మీద చీకటి బాగుంటుందని ఎవరో అన్నారు. మా ఊరు నంద్యాల బయట ఏ పొలంలోకి పోయినా సరిపోయేదని ఇప్పుడు అందరూ అంటున్నారు. అప్పుడు ఒక్కరూ అనలేదు.

రైలు

మాకు ఒక కింది బెర్తు, ఒక పై బెర్తు వచ్చాయి. ఎదురు కింది బెర్తులో ఉన్న కుర్రవాడిని పైకి మారమని అడిగాను. చెవుల్లో ఏవో పెట్టుకుని ఉన్నాడు, వినిపించనట్టు నటించాడు. ఫోను చార్జింగు తీగ జారిపడితే మాత్రం ఆ చప్పుడు వినిపించింది. విజయవాడ దాటాక టీ తాగాం. పదిహేను రూపాయలు తీసుకుని సగం కప్పు నురుగు పోశారు.

వనజ కిటికీ పక్కన కూర్చుని బయటికి చూస్తూనే ఉంది. స్తంభాలు వస్తూ పోతూ ఉన్నాయని, మధ్యలో ఏముందో తెలియడం లేదని చెప్పింది.

రూతమ్మ గారి గది

ఆసుపత్రికి దగ్గర్లో రూతమ్మ గారని ఒక రిటైరైన నర్సు తన ఇంటి పై గదిని రోగులతో వచ్చేవాళ్ళకు అద్దెకిస్తుంది. గుమ్మంలోనే వనజ చెయ్యి పట్టుకుని, "వందనాలమ్మా, రండి, మెట్టు ఉంది సూసుకోండి," అంది. ఆ ప్రయాణంలో మెట్టు ఉందని వనజకు ముందుగా చెప్పిన మనిషి ఆమె ఒక్కతే.

గది బాగుంది గానీ కిటికీ గట్టు మీద నల్లటి దుమ్ము. వేలితో రాస్తే మెరిసింది. శుభ్రం చేయలేదేమని అడిగాను.

"పొద్దున్నే తుడిసానండీ. మజ్జాన్నం మళ్ళీ తుడవాలి," అంది రూతమ్మ. "బొగ్గో, ఇనప ముడిసరుకో, ఏదో ఒకటి రాలతానే ఉంటాది. ఆరేసిన దుప్పటి ఉతికినట్టు ఉండదు. ఎవర్ని అడగమంటారు? గాలిని అడగాలి."

నేనైతే అడిగేవాణ్ణి. ఈ ఊళ్ళో నలభై ఏళ్ళుగా తుడుస్తున్న మనిషి అడగడం మానేసింది. ఉల్కల లోహం కూడా చివరికి పొడిగా మారి, ఏళ్ళ తరబడి కిందికి దిగుతుందని చదివాను. ఆ మాట చెబితే రూతమ్మ నవ్వి, "అదీ మా కిటికీ మీదికేనా?" అంది.

పొద్దున ఫలహారానికి ఇడ్లీతో బొంబాయి చట్నీ పెట్టింది. మా వైపు ఇడ్లీకి పల్లీల చట్నీ లేకపోతే ఇడ్లీ తినం. ఇక్కడ శనగపిండి ఉడికించి పోస్తారు. మేం రాగులు అనేవాటిని చోళ్ళు అంటారు, ముద్ద చేయకుండా అంబలి కాచి తాగుతారు. వనజకు అంబలి నచ్చింది. నాకు నచ్చలేదు, అయినా రెండుసార్లు తాగాను.

ఆసుపత్రిలో మధ్యాహ్నం దాకా కూర్చోబెట్టారు. కుర్ర డాక్టరు నన్ను "తాతగారూ" అన్నాడు. వనజ కంటిలోకి వెలుగు వేసి చాలాసేపు చూశాడు. కర్నూలు డాక్టరు చెప్పిందే ఇంకాస్త మెత్తగా చెప్పాడు. ఇంకో ఆపరేషను వల్ల ఉపయోగం లేదన్నాడు.

"ఉన్నంతలో మంచివి చూడండమ్మా," అన్నాడు.

"ఒకటే మిగిలింది నాయనా," అంది వనజ.

రుషికొండ

ఆ సాయంత్రం ఆటోలో రుషికొండ వెళ్ళాం. చీకటి పడేదాకా ఇసుకలో కూర్చుని మరమరాలు కలిపిన మురీ మిక్చర్ తిన్నాం. అవే మరమరాలు నానబెట్టి తాలింపు వేసే మా వైపు ఉగ్గాని తిన్న నోటికి అది కాస్త తేలిగ్గా ఉంది, నిమ్మరసం మాత్రం ధారాళంగా పిండాడు. వనజ కళ్ళు తెరిచి ఆకాశం వైపు చూస్తూ, "ఇంకా చుక్కలు రాలేదా?" అని అడుగుతూ ఉంది. చుక్కలు ఎప్పుడో రావాల్సింది. వెనక ఏదో రిసార్టులో పెళ్ళి జరుగుతోంది. అక్కడి నుంచి ఒక లావుపాటి వెలుగు కట్ట ఆకాశం మీద అటూ ఇటూ తిరుగుతోంది.

నేను గేటు దగ్గరికి వెళ్ళి ఆ లైటు కాసేపు ఆపమన్నాను. వాచ్‌మన్ నన్ను పైనుంచి కిందికి చూశాడు.

"ఏటి బాబూ, సుక్కలు సూడ్డానికి లైటు ఆపాలా? రేపు సముద్రం గోల సేత్తందని దాన్నీ ఆపమంటావేటి?"

అక్కడున్న డ్రైవర్లు నవ్వారు. మేనేజరును పిలవమన్నాను. మేనేజరు రాలేదు. పెళ్ళికొడుకు తరఫు ఒకాయన వచ్చి నాకు స్వీటు పెట్టబోయాడు. తీసుకోలేదు. తిరిగొచ్చేసరికి వనజ ఒక్కతే ఇసుకలో కూర్చుని ఉంది, ఎవరో పిల్లల తడి బంతి తగిలి చీరంతా ఇసుక.

"పోట్లాడినావా?"

"అడిగాను."

"ఆ లైటు నాకు బాగా కనపడతాంది," అంది. "ఈ ఊర్లో నాకు కనపడింది అదొక్కటే."

ఫిషింగ్ హార్బర్

మర్నాడు రూతమ్మ మమ్మల్ని హార్బరుకు తీసుకెళ్ళింది. అక్కడ నూకరాజు అనే మరపడవ మనిషి ఆమెకు తెలుసు. అతని భార్య పురుటికి రూతమ్మే నర్సు. వేలంపాట అయిపోయి, ఆడవాళ్ళు గంపల్లో ఐసు దంచి పోస్తున్నారు. నేల మీద నీళ్ళు, పొలుసు. నేను జారబోయాను, ఎవరో మోచెయ్యి పట్టుకుని, "నిదానం పెద్దాయనా, ఇది సిమెంటు కాదు, సేప," అన్నారు. అందరూ నవ్వారు.

నూకరాజు వల బాగుచేసుకుంటున్నాడు. పక్కన అతని బావ దానయ్య. వనజను పడవలో తీసుకెళ్ళాలనగానే నూకరాజు సూది ఆపాడు.

"ఆడోళ్ళని సేపల ఏట పడవెక్కించం అమ్మా. మా ఆడదే ఎక్కదు."

"ఏటకి కాదు నూకరాజూ," అంది రూతమ్మ. "నీ సిన్న ఫైబరు బోటు ఊరికే ఉంది కదా. దాని మీద వల లేదు. ఈ అమ్మ కన్ను పోతంది. తెల్లారకముందు కాసేపు సీకట్లోకి తీసుకెళ్ళి తీసుకురా."

"ఏటి సూత్తాదమ్మా సీకట్లో?"

"చుక్కలు," అన్నాను నేను.

బావా బావమరుదులిద్దరూ ముఖముఖాలు చూసుకున్నారు. "బావా, ఏటంతావ్?" అన్నాడు నూకరాజు. దానయ్య భుజాలెగరేశాడు. చివరికి నూకరాజు ఒప్పుకుని, డీజిలు పోయించమన్నాడు. ఒక మాట కూడా అన్నాడు.

"నీళ్ళ మీద నానేటి సెప్తే అదే. అక్కడ పైనేటి కనపడినా ఏలు పెట్టి సూపించకండి. మమ్మల్నేటీ అడక్కండి."

నేను సాధారణంగా ఎవరి షరతునైనా రెండుసార్లు ప్రశ్నించే మనిషిని. ఆ రోజు బేరం చెడిపోతుందని భయపడి తల ఊపాను. వాళ్ళ పని వాళ్ళను చేసుకోనివ్వమంటున్నాడని అనుకున్నాను.

నీళ్ళ మీద

తెల్లవారడానికి ఇంకా చాలా సేపుండగానే మేమిద్దరం, నూకరాజు, దానయ్య బయలుదేరాం. హార్బరులో పసుపురంగు దీపాలు వరుసగా వెలుగుతున్నాయి. పాత రకం సోడియం దీపాలు. ఉల్క వదిలిపోయే సోడియం కూడా ఆ పసుపు రంగులోనే వెలుగుతుంది. కింద దీపాల్లో ఉన్న సోడియం, పైన ఉన్న సోడియాన్ని కనపడనివ్వడం లేదు. ఎవరికి చెప్పుకోవాలి ఇది?

తీరం చిన్నదయ్యేదాకా పోయి ఇంజను ఆపారు. పడమట ఊరి మీద మసక పసుపు. స్టీలు ప్లాంటు వైపు ఎర్రగా ఉంది. కానీ నడినెత్తిన, తూర్పున చుక్కలు దట్టంగా ఉన్నాయి. అన్ని చుక్కలు మా నంద్యాలలో చూసి ఎన్నేళ్ళయిందో.

వనజ మెడ నొప్పితో చాలాసేపు తల ఎత్తలేదు. "నువ్వు కన్ను మూసి విశ్రాంతి ఇవ్వు. గీత నిలబడినప్పుడు నేను చెప్తాను, అప్పుడు ఎత్తితే చాలు," అన్నాను. ఆమె తల దించి కూర్చుంది. ఆ మాట చెప్పింది నేనే.

పడవ ఆగాక ఊగడం మొదలుపెట్టింది. చిన్న ఉల్కలు రెండు మూడు చూశాను, వాటికి గీతల్లేవు. తర్వాత పడవ అంచు పట్టుకుని వంగి కక్కాల్సి వచ్చింది. వెనక ఆ ఇద్దరూ మాట్లాడటం లేదు. అప్పుడప్పుడు ఒకడు సముద్రంలోకి తుపుక్కున ఉమ్ముతాడు. కాసేపటికి ఇంకొకడు. ఇంత కక్కుతున్న మనిషి పక్కన కూర్చుని ఊరికే ఉమ్ముతారేమిటని నాకు ఒళ్ళు మండింది. మర్యాద తెలియదు అనుకున్నాను. ఒడ్డుకు చేరాక చెప్పాలని మనసులో పెట్టుకున్నాను.

ఒక్కసారిగా నీళ్ళు తెల్లబడ్డాయి. నా చేతి గోళ్ళు కూడా కనిపించాయి. అదే క్షణంలో ఇద్దరూ కలిసి ఉమ్మారు.

"ఏమయ్యా!" అంది వనజ. "నీళ్ళు మెరిసినాయి!"

తల ఎత్తాను. వెలుగు లేదు. గీత ఉంది. నడినెత్తికి కాస్త దక్షిణంగా, సుద్దముక్కతో గీసినట్టు, అంచుల్లో కాస్త పసుపుగా. నిలబడి ఉంది.

వనజ గడ్డం పట్టుకుని పైకి తిప్పాను. "అక్కడ. కొంచెం పైకి. ఇంకాస్త ఎడమకు. ఆ మూడు చుక్కల పక్కన."

"ఏ మూడు? నాకొకటే కనపడతాంది. పోయింది. మళ్ళా వచ్చింది."

పడవ ఊగిన ప్రతిసారీ ఆమె చూపు జారిపోతోంది. నేల మీద అయితే నా రెండు చేతులతో తల కదలకుండా పట్టుకునేవాణ్ణి. ఇక్కడ మేం కూర్చున్న చోటే కదులుతోంది. నేను ఆమె తలను పట్టుకుంటే పడవ మమ్మల్నిద్దర్నీ పక్కకు తోసింది.

"ఇంకా ఉందా?"

"ఉంది."

"వంగిందా?"

"వంగుతోంది. మధ్యలో. కొడవలి మాదిరి. కింది కొస అటు మెలి తిరుగుతోంది."

"నేను చెప్పినా కదా," అంది. ఎవరితో అందో తెలియదు. నాతో అయితే కాదు. కన్నంతా తెరిచి ఆకాశంలో వెతుకుతూనే ఉంది. గీత వెడల్పై, పలచబడి, చుక్కల మధ్య కలిసిపోయింది. అది పోయాక కూడా ఆమె చాలాసేపు వెతికింది. చివరికి పోయిందని చెప్పాను.

చెప్పాక తల దించుకుంది.

నేను నూకరాజు వైపు తిరిగాను. "నువ్వు చూశావు. అది మొదలైనప్పుడే చూశావు. ఒక్క మాట అంటే ఆమె తల ఎత్తేది! పగటిలా వెలిగిందే! ఎందుకు చెప్పలేదు?"

"నానేటీ సూడ్నేదు బాబూ."

"ఇద్దరూ కలిసి ఉమ్మారు! ఇంతసేపూ చుక్క రాలినప్పుడల్లా ఉమ్ముతూనే ఉన్నారు!"

దానయ్య నీళ్ళ వైపు తిరిగి కూర్చున్నాడు. నూకరాజు ఇంజను తాడు చేతికి చుట్టుకున్నాడు.

"సుక్క రాల్తే మొకం తిప్పుకోవాల. ఉమ్మాల. ఎవులికీ సూపించకూడదు," అన్నాడు. "ముందే సెప్పినాను కదా."

"అదంతా వట్టి మాట. అది రాయి. రాయిలో ఇనుము..."

"మా అన్నకి నానే సూపించినాను," అన్నాడు నూకరాజు. "ఇలాగే, నీళ్ళ మీద. అదిగోరా అన్నా, అన్నాను. ఏలు పెట్టి సూపించినాను. ఆ ఏడే పోనాడు, ఈ నీళ్ళలోనే. నీకు రాయి బాబూ. నాకు కాదు."

వనజ చెయ్యి చాచి, ఎక్కడుందో వెతుక్కుని, నూకరాజు భుజం తట్టింది. "పోదాం పా నాయనా," అంది.

ఒడ్డుకు వస్తుంటే ఒక్కటి అడిగాను. "రేపు ఎవరైనా అడిగితే, అలాంటి గీత ఆకాశంలో నిలబడుతుందని, వంగుతుందని చెబుతావా?"

"నానేటీ సూడ్నేదు," అన్నాడు.

మళ్ళీ ఆ గది

రూతమ్మ కిటికీ గట్టు తుడుస్తూ ఉంది. "కనపడిందా అమ్మా?" అని అడిగింది.

"ఉండ్య రూతమ్మా, ఆ గీత. వంగింది," అంది వనజ.

"దేవుడికి స్తోత్రం," అంది రూతమ్మ. తడిగుడ్డ పక్కన పెట్టి వనజను దగ్గరికి తీసుకుంది. నేను సరిదిద్దబోయి ఊరుకున్నాను. గుడ్డ మీద నల్లటి దుమ్ము మెరుస్తోంది.

తిరుగు రైల్లో మాకు రెండూ కింది బెర్తులే వచ్చాయి. అవసరమైనప్పుడు ఇవ్వలేదు.

నంద్యాల

వదినకు చెప్పాను. నా కళ్ళతో చూశానని, వంగిందని, మెలి తిరిగిందని. "వనజ చూసిందా?" అని అడిగింది. వెలుగు చూసిందని, గీత చూడలేదని చెప్పాను. వదిన కాసేపు మా ఇద్దర్నీ చూసి, "సరేలే," అంది. ఆమె వెళ్ళేటప్పుడు పక్కింటావిడతో గేటు దగ్గర ఏదో అంది, ఇద్దరూ నవ్వారు. ఏమన్నదో వినపడలేదు. వినపడకపోయినా గుర్తుపెట్టుకున్నాను. పిలవడానికి నాకు సాక్షి లేడు. ఉన్న ఇద్దరిలో ఒకడు చూడలేదన్నాడు, ఇంకొకడు నీళ్ళ వైపు తిరిగి కూర్చున్నాడు.

శివరాత్రి దాటాక వనజకు ఆ నడిమి చూపు కూడా పోయింది. ఒకరోజు పొద్దున లేచి, "దీపం వెయ్యలేదా?" అని అడిగింది. ఎండ మంచం మీదే పడుతోంది.

ఇప్పుడు పొద్దు గుంకాక ఇద్దరం మిద్దె మీద కూర్చుంటాం. రుషికొండ ఒడ్డు మీద కంటే ఇక్కడ చుక్కలు ఎక్కువే కనిపిస్తున్నాయి. వనజ ముఖం పైకెత్తి ఉంచుతుంది. మెడ నొప్పి పుట్టినా ఇప్పుడు దించదు.

"రాలితే చెప్పు," అంటుంది.

"చెప్తాను," అంటాను.

మొన్న ఒకటి రాలింది. చిన్నదే, గీత లేదు. తూర్పు నుంచి ఆమె తల మీదుగా పోయింది. నూకరాజు మాదిరే నేను ముఖం పక్కకు తిప్పుకున్నాను.

"ఏమన్నా ఉండాదా?" అని అడిగింది.

"ఏమీ లేదు," అన్నాను.

"ఇంకొంచెంసేపు చూడు," అంది.